ముందు వీపు చూపించండి

గూగుల్‌లో 4.8 నక్షత్రాలు. వాతావరణం ప్రశాంతంగా ఉందని ఒకాయన మెచ్చుకున్నాడు. కొబ్బరిచెట్లు బాగున్నాయని ఇంకొకావిడ మురిసిపోయింది. కారు పెట్టుకోవడానికి చోటుందని మూడో మహానుభావుడు సంతృప్తి వ్యక్తం చేశాడు. ముగ్గురూ అబద్ధం చెప్పి ఉండరు. కాకపోతే ఆ వృద్ధాశ్రమంలో ఆ ముగ్గురిలో ఒక్కరూ ఒక్క రాత్రి పడుకోలేదు. అక్కడ రోజూ పడుకునే నలభైమందికి గూగుల్ అకౌంట్ లేదు. కొందరికి ఫోనే లేదు. ఫోనున్నవాళ్లకు కళ్లద్దాలు విరిగి మూడు నెలలైంది. కొత్తవి ఎవరు చేయిస్తారు?

హోటల్లో దోసె మాడితే తిన్నవాడే తిడతాడు. అదీ లెక్క. ఇక్కడ తినేది ఒకరు, డబ్బు కట్టేది మరొకరు, నక్షత్రాలు పంచేది ఇంకొకరు. తినేవాళ్ల నోరు ఒక్కటే మూతపడి ఉంటుంది. ఇంతకన్నా సుఖమైన వ్యాపారం ఉందా చెప్పండి?

మనవాళ్లు అమాయకులేం కాదు. రెండు వందల గజాల స్థలం కొనాలంటే లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తారు. లాయరుకు చూపిస్తారు, వాస్తు సిద్ధాంతికి చూపిస్తారు, బోరులో నీళ్లు ఎంత లోతున పడతాయో పక్కింటివాణ్ణి అడుగుతారు. అదే మనుషులు కన్నతండ్రిని పెట్టే చోటును ఆదివారం పొద్దున పదకొండింటికి వెళ్లి, ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చుని, టీ తాగి, ఓ బ్రోషర్ తిరగేసి ఖాయం చేసేస్తారు. స్థలానికి ముప్పై ఏళ్ల చరిత్ర కావాలి. నాన్నకు రంగుల కాగితం చాలు!

ఆ బ్రోషర్‌నైనా సరిగ్గా చదివారా? '24 గంటల వైద్య సదుపాయం' అని ఉంటుంది. అంటే వాచ్‌మన్‌కు 108 నంబరు తెలుసని అర్థం. 'సమతుల ఆహారం'. నిజమే, ఆదివారం నుంచి శనివారం దాకా సాంబారు ఒకే సమతూకంలో ఉంటుంది. 'యోగా, ధ్యానం'. మంచం దిగలేని మనిషికి ధ్యానం తప్ప వేరే దారేముంది గనక? ఇక బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'గవర్నమెంట్ రిజిస్టర్డ్'. ఈ మాట చూస్తే చాలు, మనకు గుండెల మీంచి బరువు దిగిపోతుంది. ఏమిటా రిజిస్ట్రేషన్? 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సంతకాలు పెట్టి తెచ్చుకున్న కాగితం. ఇలాగే ఏడుగురు సంతకాలు పెట్టి కాలనీ సంఘం పెట్టుకుంటారు, వాకింగ్ క్లబ్బు పెట్టుకుంటారు. ఆ కాగితానికీ మీ అమ్మకు రాత్రి డైపర్ మార్చడానికీ ఉన్న సంబంధం ఏమిటో ఆ ఏడుగుర్నే అడగాలి. పక్కనే ఫ్రేము కట్టిన ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్. దాన్ని బోల్టులు తయారుచేసే ఫ్యాక్టరీకీ ఇస్తారు. ఫైళ్లు పద్ధతిగా ఉన్నాయని చెప్పే కాగితం అది. ఫైళ్లకు పడకపుండ్లు రావు.

అన్నట్టు, వృద్ధాశ్రమాల్లో జరిగే అన్యాయం అంటే మనకు గుర్తొచ్చేవి తిట్లు, దెబ్బలు. అవి జరిగితే ఎప్పుడో ఒకప్పుడు వీడియో బయటికొస్తుంది. టీవీలో రెండు రోజులు ఆడుతుంది. అసలు అన్యాయానికి వీడియో ఉండదు. అది గ్లాసు నీళ్ల దగ్గర మొదలవుతుంది.

డైపర్‌కు డబ్బవుతుంది. మార్చడానికి మనిషి కావాలి. రాత్రిపూట పాతికమందికి ఒక్క ఆయా. ఆమె మాత్రం ఏం చేస్తుంది? సాయంత్రం ఆరు దాటాక నీళ్లివ్వడం తగ్గిస్తుంది. ఎవరూ ఆర్డరు వేయరు. ఏ రిజిస్టర్లోనూ రాయరు. "ఇప్పుడు నీళ్లెందుకు మామ్మా, మళ్లీ పక్క తడుపుకుంటావు" అని ప్రేమగానే చెబుతుంది. మామ్మ తాగదు. తాగితే తిట్లు పడతాయని ఆమెకు ఎప్పుడో అర్థమైంది. ఒంట్లో నీరు తగ్గుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. ముసలి ఒంట్లో అది చాలాసార్లు జ్వరంగా బయటపడదు, మతి తప్పినట్టుగా బయటపడుతుంది. మాట తడబడుతుంది. ఎప్పుడో పోయిన అక్కను అర్ధరాత్రి పిలుస్తుంది. మంచం దిగి ఇంటికెళ్తానంటుంది. పరీక్ష చేయిస్తే తేలిపోయే సంగతి, మందులతో తగ్గే జబ్బు. ఎవరు చేయిస్తారు? "మామ్మకు చాదస్తం ముదిరింది" అని రోగ నిర్ధారణ వంటగదిలోనే జరిగిపోతుంది. రాత్రికి ఓ నిద్రమాత్ర వేస్తారు. మిగతావాళ్లకు నిద్ర పాడవకుండా ఉండాలి కదా!

మాత్ర వేశాక ఆమె కదలదు. కదలని మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలని నర్సింగ్ చదివిన ప్రతి పిల్లకూ మొదట్లోనే చెబుతారు. తిప్పేదెవరు? పాతికమందికి ఆ ఒక్క ఆయాయేగా. నడుము కింద చర్మం ఎర్రబడుతుంది. తరువాత నల్లబడుతుంది. తరువాత పుండు. షుగర్ ఉన్న ఒళ్లయితే మరీ తొందర. ఎముక కనిపించేదాకా లోపలికి తినేస్తుంది. అప్పుడు కొడుక్కు ఫోను వెళ్తుంది. "అమ్మగారికి కొంచెం సీరియస్‌గా ఉంది సార్. మేం చేయాల్సిందంతా చేశాం. వయసు కదండీ!"

వయసట! గ్లాసు నీళ్లివ్వలేదు అని రాయడానికి డెత్ సర్టిఫికెట్‌లో గడి లేదు. లేకపోబట్టే ఇంతమంది పెద్దమనుషులుగా చెలామణీ అవుతున్నారు.

కాబట్టి సంరక్షణ నాణ్యత గేటు దగ్గర కనిపించదు. పాలరాతి గచ్చులో కనిపించదు. తులసికోట దగ్గర పెట్టిన ఉయ్యాలలో అసలే కనిపించదు. మంచం పట్టిన మనిషి వీపు మీద కనిపిస్తుంది. దుప్పటి తీసి, మనిషిని పక్కకు తిప్పి, నడుము కింద, తుంటి మీద, మడమల వెనక చూస్తే అయిదు నిమిషాల్లో ఆశ్రమం జాతకం మొత్తం తెలిసిపోతుంది. మరి ఎవరైనా చూస్తున్నారా? చూస్తామంటే మేనేజరుగారికి ఎక్కడలేని మర్యాద ముంచుకొస్తుంది. "ఇప్పుడే నిద్రపట్టిందండీ, లేపడం ఎందుకు? రండి, మన పూజగది చూద్దురుగాని."

కొడుకులూ కూతుళ్లూ టెక్నాలజీని నమ్ముకున్నారు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో కూర్చుని ఫోన్లో సీసీ కెమెరా చూస్తారు. కెమెరా ఎక్కడుంది? వరండాలో. డైనింగు హాల్లో. అంటే పని జరగకపోయినా ఫర్వాలేని చోట. బాత్రూములో జారిపడిన సంగతి కెమెరాకు తెలియదు. పిలిచినా రాని మనిషి కెమెరాకు దొరకడు, ఎందుకంటే అతను రాలేదు కాబట్టి! ఆదివారం వీడియో కాల్ ఉంటుంది. ఆ పూట మామ్మకు తల దువ్వుతారు. మొహానికి పౌడరు రాస్తారు. ఉతికిన చీర కడతారు. ఫోను పట్టుకునేది ఎవరు? ఆశ్రమం మనిషే. "బాగున్నావా అమ్మా?" అంటాడు కొడుకు. "బాగున్నా నాన్నా" అంటుంది తల్లి. ఇంకేమంటుంది? ఫోను కట్టయ్యాక అతను అమెరికాలో ఉంటాడు, ఆమె ఆ ఫోను పట్టుకున్న మనిషి చేతిలో ఉంటుంది. ఇంత చిన్న లెక్క ఐఐటీలో చదివినవాడికి తట్టదా? తడుతుంది. తట్టినట్టు ఒప్పుకుంటే టికెట్ కొనాల్సి వస్తుంది.

ఇక దాతలు. అబ్బో, దాతలు! వృద్ధాశ్రమం లేకపోతే ఈ రాష్ట్రాల్లో పుట్టినరోజులు ఎక్కడ జరుపుకునేవారో ఊహించడం కష్టం. ఎమ్మెల్యేగారి పుట్టినరోజు. ఎమ్మెల్యేగారి అబ్బాయి పుట్టినరోజు. హీరోగారి పుట్టినరోజుకు అభిమాన సంఘాలు రెండు, రెండింటికీ పడదు కాబట్టి రెండు కేకులు. షుగరున్న ముసలాయన నోట్లో పొద్దున ఒక ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క. ఒక అరటిపండును పన్నెండు చేతులు పట్టుకుని ఇస్తాయి. పుచ్చుకునే చెయ్యి ఒకటే. అది వణుకుతుంటుంది, ఫొటో షేకయిందని మళ్లీ ఇప్పిస్తారు. మంచి ముహూర్తమైతే ఒకే రోజు మూడు అన్నదానాలు. ఆషాఢంలో బుధవారమైతే ఎవరూ రారు. ఇంత దానంలో ఒక్కడైనా "రాత్రి డ్యూటీకి ఇంకో ఆయాను పెట్టండి, ఏడాది జీతం నేనిస్తాను" అన్నాడా? అనడు. ఆయా జీతంతో ఫొటో దిగడం ఎలాగో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సరే, మనుషుల సంగతి వదిలేద్దాం. ప్రభుత్వం ఉంది కదా. ఉందా?

బజారులో మిర్చి బజ్జీ బండి పెట్టుకునేవాడు ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర పేరు రాయించుకోవాలి. స్కూటర్‌కు పొగ పరీక్ష కాగితం కావాలి. 2018లో కేంద్రం పెంపుడు జంతువుల దుకాణాలకు నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలంది. పంజరంలో పక్షికి ఎంత చోటుండాలో, కుందేలుకు ఎంత ఉండాలో కొలతలు రాసింది. చాలా మంచి పని. పక్షులు అదృష్టం చేసుకున్నాయి. అదే ఏడాది వృద్ధాశ్రమాల గురించి కూడా కేంద్రం ఒక విషయం ఎంతో స్పష్టంగా తేల్చింది. ఏమిటనుకున్నారు? జీఎస్టీ! ధార్మిక సంస్థగా నమోదైన ఆశ్రమం అరవై దాటినవారి దగ్గర భోజనం, వసతి, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25,000 రూపాయల లోపు తీసుకుంటే పన్ను లేదని తేల్చింది. రూపాయల దగ్గర ఎంత సూక్ష్మబుద్ధి! మరి ఆ 25,000 పుచ్చుకున్న ప్రైవేటు ఆశ్రమంలో రాత్రి ఎంతమందికి ఒక ఆయా ఉండాలి? ఆ ఊసు లేదు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 19వ సెక్షన్ చదవండి, కడుపు నిండిపోతుంది. రాష్ట్రాలు దశలవారీగా వృద్ధాశ్రమాలు పెట్టాలట. ముందుగా జిల్లాకు కనీసం ఒకటి. దాంట్లో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు. ఎంత బాగుందో! కాకపోతే దాన్ని తప్పనిసరి చేయలేదు, రాష్ట్రాల దయకు వదిలేశారు. తెలంగాణలో 33 జిల్లాలు. 33 ఇంటూ 150, అంటే 4,950 మంచాలు. ఎక్కడున్నాయి సార్ అవి? మా జిల్లాలో మాకు కనబడలేదు. మీ జిల్లాలో మీకు కనబడ్డాయా? ఈ దయ ఎంతవరకు వచ్చిందో తెలుసుకుందామని మాజీ న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2018 డిసెంబరులో కోర్టు కేంద్రాన్ని ఏమడిగింది? జిల్లాల వారీగా అసలు ఎన్ని వృద్ధాశ్రమాలు ఉన్నాయో రాష్ట్రాల దగ్గర లెక్క తెప్పించమంది. చట్టం వచ్చి పదకొండేళ్లు. నాణ్యత తరువాతి మాట, లెక్కే లేదు!

ప్రైవేటు ఆశ్రమం తప్పనిసరిగా రిజిస్టర్ చేసుకోవాలన్న మాట ఆ 2007 చట్టంలో లేదు. ఈ లోపం సర్కారుకు తెలియక కాదు. తెలుసు కాబట్టే 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ప్రతి సంరక్షణ కేంద్రం రిజిస్టర్ కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అన్నారు. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. సంఘం 2021 జనవరిలో నివేదిక ఇచ్చింది. తరువాత? తరువాత ఏముంది, సభ గడువే తీరిపోయింది. బిల్లు కూడా ముసలిదై, పట్టించుకునే నాథుడు లేక పోయింది. దాన్నయినా ఎవరైనా రెండు గంటలకోసారి పక్క తిప్పి ఉంటే బాగుండేది.

అదే చట్టంలో 24వ సెక్షన్ ఉంది. వృద్ధులను చూసుకోవాల్సినవాడు వాళ్లను శాశ్వతంగా వదిలించుకుందామని ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. బస్టాండులో వదిలేస్తే నేరం. అడ్వాన్సు కట్టి, నెలనెలా ఆన్‌లైన్లో ఫీజు వేస్తూ, రెండేళ్లు మొహం చూపించకుండా వదిలేస్తే? బాధ్యత గల కొడుకు. బంధువుల్లో పేరు కూడా.

తనిఖీలు అసలే జరగవని అంటే పాపం. జరుగుతాయి. ముందురోజు సాయంత్రం కబురొస్తుంది. కొత్త దుప్పట్లు బీరువాలోంచి దిగుతాయి. ఫినాయిలు వాసన వీధి చివరిదాకా వస్తుంది. సార్ వస్తారు, రిజిస్టర్లో సంతకం చేస్తారు, నిప్పుపెట్టె సైజు గదిలో ఆరు మంచాలు ఎలా పట్టాయన్న వాస్తు ప్రశ్న వేయకుండా జీడిపప్పు ఉప్మా తిని వెళ్తారు. పాపం ఆయన మాత్రం ఏం కొలుస్తాడు? కొలతే రాసి లేదుగా.

అందుకే నిజం ఎప్పుడూ పక్కింటివాళ్ల ద్వారానో వీడియో ద్వారానో బయటపడుతుంది. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో చుట్టుపక్కలవాళ్లు చెబితే పోలీసులు ఒక ఆశ్రమానికి వెళ్లి, ఇరుకు గదుల్లో కుక్కిన 70 మందికి పైగా మనుషులను బయటికి తెచ్చారు. గొలుసులు కట్టారని, కొట్టారని పత్రికలు రాశాయి. 2025 జూన్‌లో నోయిడా సెక్టార్ 55లో అదే కథ. ఒక వీడియో తిరిగితే మహిళా కమిషన్, పోలీసులు వెళ్లారు. తాళాలు వేసిన గదులు, కట్టేసిన చేతులు, నలభైమంది దాకా వృద్ధులు. వీళ్లేమీ దిక్కులేనివాళ్లు కారు. చాలామందికి కుటుంబాలున్నాయి. డొనేషన్ కట్టిన కుటుంబాలు. నెలనెలా ఫీజు పంపిన కుటుంబాలు. రెండు చోట్లా తరువాత ఏం వినిపించిందో మీకు చెప్పక్కర్లేదు. కఠిన చర్యలు. ఎవర్నీ ఉపేక్షించేది లేదు. అంతే, మళ్లీ వీడియో వచ్చేదాకా ఉపేక్ష.

ఈ మాట అనగానే ఎన్నారై అబ్బాయి ఫోన్లోంచి ఒక నిట్టూర్పు విడుస్తాడు. "అమెరికాలో ఇలా ఉండదండీ, అక్కడ ప్రతి నర్సింగ్ హోమ్‌కూ ప్రభుత్వమే స్టార్లు ఇస్తుంది." ఇస్తుంది బాబూ. ఆ కథా విను. అక్కడ 1987లోనే చట్టం చేశారు. ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా వస్తారు, చూసింది ఊరందరికీ కనిపించేలా పెడతారు. 2008 డిసెంబరు నుంచి ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు. మూడు సంగతులు చూసి ఇస్తారు: తనిఖీలో ఏం తేలింది, సిబ్బంది ఎంతమంది, రోగుల పరిస్థితి ఎలా ఉంది. మొదటిది మాత్రమే ఇన్‌స్పెక్టరు కళ్లతో చూసింది. మిగతా రెండూ చాలాకాలం నర్సింగ్ హోమ్‌లు తమ గురించి తామే చెప్పుకున్నవి. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు తన గుణగణాలు తానే చెప్పుకున్నట్టు! 2018లో సిబ్బంది విషయంలో ఆ మాటలు పక్కనపెట్టి జీతాల లెక్కలు ముందేసుకున్నారు. చాలా చోట్ల చెప్పినంతమంది లేరు. శని, ఆదివారాల్లో మరీ పలచన.

ఇంకో చమత్కారం. మత్తెక్కించే మానసిక రోగాల మందులు ఎంతమందికి ఇస్తున్నారో కూడా నక్షత్రాల లెక్కలోకి వస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి మాత్రం ఆ లెక్క వర్తించదు. ఇంకేం? డెబ్బై, ఎనభై ఏళ్లు మామూలుగా బతికిన మనుషులకు నర్సింగ్ హోమ్‌లో అడుగుపెట్టాక కొత్తగా స్కిజోఫ్రీనియా పుట్టుకొచ్చింది. కాగితం మీద. 2023లో ప్రభుత్వం దీని మీద ప్రత్యేకంగా ఆడిట్లు పెట్టాల్సి వచ్చింది. చివరికి 2024లో, ఒక్కో మనిషికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలని నియమం చేశారు. 2025 ఏప్రిల్లో టెక్సస్‌లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. జూలైలో అమెరికా కాంగ్రెస్ ఆ నియమాన్ని 2034 దాకా అమలు చేయొద్దని చట్టమే చేసింది. అక్కడా దొంగలున్నారు, వాళ్లకు లాబీలున్నాయి. తేడా ఒకటే. అక్కడ దొంగలెక్క రాయడానికైనా ఒక పుస్తకం ఉంది. ఇక్కడ పుస్తకమే లేదు. తప్పు పట్టుకునేదెట్లా?

ఇక్కడే మన సంస్కృతీ పరిరక్షకులు గొంతు సవరించుకుంటారు. ఉమ్మడి కుటుంబాలు పోబట్టే ఈ ఖర్మ అంటారు. అయ్యా, ఉమ్మడి కుటుంబంలో మీ నాన్న పక్క మార్చిందెవరు? మీరా? మీ అన్నదమ్ములా? కోడలు. జీతం లేదు, సెలవు లేదు, రాత్రి డ్యూటీ భత్యం లేదు. అత్తగారి తిట్లు బోనస్. ఆ కోడలు ఇవాళ ఉద్యోగానికి వెళ్తోంది. వెళ్లాలి. ఆమె ఉచితంగా చేసిన పనికి ఇప్పుడు ధర కట్టాల్సి వచ్చేసరికి సంస్కృతి గుర్తొచ్చింది మీకు. పెద్దల్ని ఆశ్రమంలో పెట్టడం పాపం కాదు. పెట్టి, మళ్లీ కన్నెత్తి చూడకపోవడం గురించి మాట్లాడండి, వింటాం.

పాలకులకు ముసలితనం అర్థం కాలేదని అనలేం. అర్థమైంది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాష్ట్రంలో వృద్ధులు పెరిగిపోతున్నారని ఆందోళనపడ్డారు. ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. మరుసటి నెలలోనే, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను శాసనసభ ఎత్తేసింది. ఎంత వేగం! కన్న బిడ్డ పెరిగి, డైపర్ తొడిగించుకునే వయసు దాటి, తొడిగే వయసుకు రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఈ రాత్రికి ఎవరు మార్చాలి సార్? సర్పంచ్ పదవికి అడ్డు తొలగించినంత తొందరగా ఒక్క ఆయా పోస్టు మంజూరైతే ఎంత బాగుండేది!

ఆయా గురించి రెండు మాటలు. ఏదైనా బయటపడినప్పుడు మొదట బలయ్యేది ఆమె. వీడియోలో కనిపించేది ఆమె చెయ్యే కాబట్టి. పన్నెండు గంటల డ్యూటీ. రెండోవాళ్లు రాకపోతే ఇరవై నాలుగు. ఆమెకు ఎవరూ పక్క తిప్పే పద్ధతి నేర్పలేదు. నేర్పినా ఎనభై కిలోల మనిషిని ఒక్కతే తిప్పితే ముందు విరిగేది ఆమె నడుము. ఏజెన్సీవాడు కమీషన్ మింగుతాడు, ఓనరు మిగిలింది ఇస్తాడు. ఆమెను సస్పెండ్ చేసి ఊరుకోవడం పెద్దలకు బాగా అలవాటైన విద్య. పాతికమందికి ఒక్కతెను పెట్టిన మహానుభావుడు మాత్రం ఆ సాయంత్రమే ఇంకో బ్రాంచికి శంకుస్థాపన చేసుకుంటుంటాడు.

ఇంత చెప్పాక, మీలో ఎవరైనా రేపు అమ్మ కోసమో నాన్న కోసమో ఓ చోటు వెతకాల్సి వస్తే? వస్తుంది. ఆదివారం పదకొండింటికి వెళ్లకండి. రాత్రి తొమ్మిదిన్నరకు చెప్పకుండా వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే మీ పని సులువైంది, వెనక్కి తిరగండి. రానిస్తే, మంచం పక్కనున్న బెల్లు నొక్కి గడియారం చూడండి. మంచం పక్కన నీళ్లున్నాయా, చేతికందే దూరంలో ఉన్నాయా చూడండి. గోళ్లు చూడండి. గోళ్లు తీసే తీరిక లేనిచోట ఇంకేదీ జరగదు. మూత్రం వాసన వస్తే తెలిసిపోతుంది సరే, అగరొత్తులు, రూమ్ స్ప్రే మరీ గుప్పుమంటే ఇంకా అనుమానించండి. రాత్రి వేసే మాత్ర ఏమిటి, ఏ డాక్టరు రాశాడు, చీటీ చూపించమనండి. నెలనెలా బరువు తూచే పుస్తకం అడగండి. మూడు నెలల్లో అయిదు కిలోలు తగ్గిన మనిషి కనిపిస్తే ఆ 'సమతుల ఆహారం' ఎవరు తిన్నారో అడగండి.

ఇంకొకటి. "మా దగ్గర ఇంతవరకు ఒక్కరూ జారిపడలేదండీ" అని మేనేజరు గర్వంగా చెబితే చప్పట్లు కొట్టకండి. ముసలివాళ్లు నడిస్తే ఎప్పుడో ఒకప్పుడు పడతారు. ఎవరూ ఎన్నడూ పడలేదంటే రెండే కారణాలు: ఆయన అబద్ధమైనా చెబుతూ ఉండాలి, అందర్నీ మంచానికి కట్టేసైనా ఉండాలి.

ఇవన్నీ పూర్తయ్యాక మంచం పట్టిన ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ఆమె అనుమతి అడిగి, ఆయా సాయంతో పక్కకు తిప్పమనండి. మేనేజరుగారి మొహం చూడండి. ఆవిడ వీపు చూడండి. గూగుల్ అవసరం ఉండదు.

అక్టోబరు 1 ఏటా వస్తుంది. అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం. ప్రతి కలెక్టరేట్‌లోనూ వేదిక వేస్తారు. నడవగలిగిన, గట్టిగా మాట్లాడగలిగిన, ముందు వరుసలో కూర్చోగలిగిన వృద్ధులకు శాలువాలు కప్పుతారు. మంత్రిగారు తల్లి గురించి మాట్లాడుతూ కళ్లు తుడుచుకుంటారు. తుడుచుకోనివ్వండి. మీరు మాత్రం ఆ రోజే పది రూపాయల ఫీజుతో ఒక సమాచార హక్కు దరఖాస్తు ఆ కలెక్టరేట్‌లోనే పడేయండి. జిల్లాలో వృద్ధాశ్రమాలు ఎన్ని? వాటిలో ఎంతమంది ఉంటున్నారు? కిందటి ఏడాది ఎన్నింటిని తనిఖీ చేశారు, ముందుగా చెప్పి వెళ్లారా, చెప్పకుండా వెళ్లారా? రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారని రాశారు? పడకపుండ్లు ఎంతమందికి ఉన్నాయని రాశారు? 19వ సెక్షన్‌లో చెప్పిన ఆ 150 మంచాల ఆశ్రమం ఏ సర్వే నంబరులో ఉంది? ఆఖరి ప్రశ్నగా, నేటి సభలో శాలువాలకు, మెమెంటోలకు, మంత్రిగారి ఫ్లెక్సీకి ఎంతయింది?

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆఖరి ప్రశ్నకు బిల్లులతో సహా వస్తుంది. మిగతావాటికి 'సమాచారం అందుబాటులో లేదు' అని వస్తే, ఆ కాగితం తీసుకుని అప్పీలుకు వెళ్లండి. అప్పీలుకు ఫీజు లేదు.